ఆగిన తరువాత మోగిన గజ్జె

మా వదిన మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఆమె పోయి నాలుగు నెలలైంది, ఇప్పుడు ఫిర్యాదులేమిటని మా వాళ్లంటారు. అననీ. తన చూపు పోతోందని ఆమె నాకు చెప్పలేదు. కొడుక్కి చెప్పింది, కోడలికి చెప్పింది, మందుల షాపు వాడికి కూడా తెలుసు. ఏటా చైత్రమాసంలో ఛౌ నాట్యం చూడటానికి పాతికేళ్లకు పైగా పక్క కుర్చీలో కూర్చున్న నాకు మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఆ మాట అనేదాన్ని కాదు. ఆ మాట అనకపోతే, పోయిన ఏడాది నేను చేసిన పని చేయవలసిన అవసరమే వచ్చేది కాదు.

ఆ పని గురించే ఇది రాస్తున్నాను.

ఛౌ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. మా జంషెడ్‌పూర్‌కు గంట ప్రయాణంలో సరాయికేలా ఉంది. అక్కడి నాట్యం ఇది. మేము చూడటం మొదలుపెట్టిన రోజుల్లో ఆడేవాళ్లంతా మగవాళ్లే, ఆడవేషాలు కూడా వాళ్లవే. మాట ఉండదు, పాట ఉండదు. డోలు, నగారా, సన్నాయి, కాళ్లకు గజ్జెలు. ముఖానికి మట్టితో, గుడ్డతో చేసిన బొమ్మముఖం కట్టుకుంటారు. ముఖోటా అంటారు ఇక్కడ. దాని లోపల ఊపిరి సరిగా ఆడదు కాబట్టి ఒక్కో నాట్యం పది నిమిషాలకు మించదు. ముఖమే కనిపించని నాట్యంలో ఎవరు బాగా ఆడారో ఎలా చెబుతారని నన్ను చాలామంది అడిగారు. అలా అడిగేవాళ్లను చూస్తే నాకు జాలి. మనిషి ముఖంలో మాత్రమే ఉంటాడనుకునే వాళ్లు వాళ్లు. భుజంలో ఉంటాడు, మెడ వెనక ఉంటాడు, కాలు ఎత్తే ముందు ఆగే ఆ చిన్న ఆలస్యంలో ఉంటాడు. నేను ముప్పై ఏళ్లు స్కూల్లో లెక్కలు చెప్పాను. తప్పు ఎక్కడుందో పట్టుకోవడం నా వృత్తి. నాట్యంలో నా కన్ను తప్పదని నేను నమ్మాను, నలుగురి చేతా నమ్మించాను.

వదిన శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి మా అన్నయ్య భార్యగా వచ్చింది. వచ్చిన ఏడాదే మా నాన్న మా అందరినీ ఛౌకి తీసుకెళ్లారు. అప్పటికి నేను పదేళ్లుగా చూస్తున్నదాన్ని. కొత్త పెళ్లికూతురికి ఏమి చూడాలో ఎలా చూడాలో చెవిలో పాఠం చెబుతున్నాను. వేదిక మీద ఒకాయన మోకాళ్లు వంచి ఒక పాదాన్ని గుండ్రంగా తిప్పుతున్నాడు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుని అరిచింది.

“ఓలమ్మో! ఆడు అంట్లు తోముతన్నాడే పిల్లా!”

ముందు వరుసలో వాళ్లు వెనక్కి తిరిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చాక కూడా రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. తరువాత ఎన్నాళ్లకో, ఆ నాట్యం నేర్పే ఒకాయన చెబుతుంటే విన్నాను. ఛౌలో అడుగులు చాలా వరకు ఇంటిపనుల నుంచే పుట్టాయట. కల్లాపి చల్లడం, పేడతో అలకడం, గిన్నెలు తోమడం. అన్నీ కాళ్లతో చేసి చూపిస్తారు. పదేళ్లు చూసినా నాకు కనిపించనిది ఆమెకు మొదటి రోజే కనిపించింది. ఆ సంగతి ఆమె ఆ తరువాత నాకు ఎన్నిసార్లు గుర్తు చేసిందో లెక్క లేదు. “నువ్వు మాస్టారమ్మవి. నేను అంట్లు తోమేదాన్ని. అందుకే నాకు తెలిసింది” అనేది. ఆ మాటలోని పోటు నాకు ఇప్పటికీ తగులుతుంది.

మా ఇద్దరి వాదనలూ ఇద్దరు నర్తకుల చుట్టూ తిరిగేవి. పేర్లు మాకు తెలుసు కాని, మేము పెట్టుకున్న పేర్లే వాడేవాళ్లం. ఒకరు పెద్దాయన. రెండో అతను పెద్దాయన శిష్యుడు. పగలు ఏదో కాంట్రాక్టరు కింద ఫ్యాక్టరీలో పని చేసేవాడు, మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చి ముఖోటా కట్టుకునేవాడు. అందుకని షిఫ్టాయన.

నెమలి వేషంలో పెద్దాయనకు సాటి లేదని ఇద్దరం ఒప్పుకునేవాళ్లం. మేము ఒప్పుకున్నది ఆ ఒక్కటే. పడవవాడి వేషం దగ్గరికి వచ్చేసరికి యుద్ధమే. తుఫానులో పడవ నడిపే మొగుడూ పెళ్లాల నాట్యం అది. పెద్దాయన తెడ్డు వేస్తే ఒడ్డు చేరుతామన్న నమ్మకం కనిపించేది. నాకు అదే గొప్ప. షిఫ్టాయన పడవవాడిలో బెదురు ఎక్కువనేదాన్ని నేను.

“బెదురుండాలి. నది తెలిసినోడు బెదురుతోనే తోత్తాడు. నీకేటి తెలుసు, కాసిడీహ్‌లో మేడమీద ఉంటావు” అనేది వదిన. ఆమె ఉండేది భుయ్యాడీహ్‌లో. గట్టి వానాకాలమైతే సువర్ణరేఖ నది వాళ్ల వీధి చివరి దాకా వచ్చేది.

“తెడ్డు పట్టుకోవడం కూడా రాదు అతనికి!”

“నీకొచ్చా?”

ఒకసారి ఆటోలో ఇలాగే అరుచుకుంటూ సాక్చి మార్కెట్ దాటి భుయ్యాడీహ్ వెళ్లిపోయాం, నేను దిగవలసిన చోటు ఎప్పుడో వెనకబడింది. ఆటో ఆయన వెనక్కి తిరిగి, “మాజీ, ఆప్ లోగోం కో ఉతర్‌నా నహీ హై క్యా?” అని అడిగాడు, అమ్మగారూ, మీరసలు దిగరా అని. ఆ రోజు వదిన ఇంట్లోనే అన్నం తిన్నాను. తినేటప్పుడు కూడా వాదించుకున్నాం. అన్నయ్య కంచం పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

పదేళ్ల కిందటి చైత్రంలో పెద్దాయన నెమలి ఆడతారని ప్రకటించారు. అప్పటికే ఆయనకు అరవై దాటింది. ఇదే చివరిసారి కావచ్చని అందరూ అనుకుంటున్నారు. హాలు నిండిపోయింది. మా వెనక వరుసలో తెలుగువాళ్లు పదిమంది దాకా కూర్చున్నారు, మా వీధి వాళ్లూ, వదిన వాళ్ల వీధి క్రైస్తవుల కుటుంబం వాళ్లూ. నెమలి వచ్చింది. వీపు మీద పింఛం, ముఖం మీద ఆ ప్రశాంతమైన నీలపు ముఖోటా. ఏమి ఆడాడు! మెడ తిప్పితే నెమలి, ఆగితే నెమలి. ఒంటికాలి మీద నిలబడి పింఛాన్ని వణికించినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. చప్పట్లు ఆగగానే నేను వెనక వాళ్లకు కూడా వినిపించేలా అన్నాను.

“అరవై ఏళ్లు దాటినా నలభై ఏళ్లవాడిలా ఆడాడు పెద్దాయన!”

వదిన మెల్లగా అంది. “నలభై ఏళ్లోడే. ఈయన ఆయన కాదు పిల్లా.”

“ఏమిటి?”

“పెద్దాయన ఆగితే గజ్జెలు కూడా ఆగుతాయి. చేత్తో పట్టుకున్నట్టు. ఈయన ఆగినాక కూడా ఒక గజ్జె మాటాడింది. ఈయన షిఫ్టాయన.”

పెద్దాయన చివరి నెమలిని చూశామని పది మందీ కళ్లు తుడుచుకుంటున్న సమయంలో ఆ మాట! నాకు ఒళ్లు మండింది. వెనక్కి తిరిగి, అందరూ వినేలా నవ్వుతూ అన్నాను.

“మా వదినకు కళ్లు కనబడటం లేదండోయ్! వేదిక మీద పెద్దాయన ఉంటే షిఫ్టాయన అంటోంది!”

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. ఒడిలో ఉన్న సంచిని సర్దుకుని, “నీ కళ్లు నీకున్నాయి కదమ్మా” అంది. ఆమె నన్ను ఎప్పుడూ ‘పిల్లా’ అనేది. ‘అమ్మా’ అనడం అదే మొదలు.

మరుసటి ఏడాది నుంచి ఆమె ఛౌకి రావడం మానేసింది. కాళ్లనొప్పులంది. పెద్దాయన నిజంగానే మళ్లీ ఆడలేదు, రెండేళ్లకు పోయారు. ఆయన చివరి నెమలిని చూసినదాన్నని నేను చెప్పుకోని చోటు లేదు. చెప్పిన ప్రతిసారీ, దాన్ని కాదన్న మనిషి ఒకతె ఉందన్నది నాకు ముల్లులా గుచ్చుకునేది.

ఆ ఏళ్లలో వదిన నాకు చేసిన అవమానాలన్నీ నాకు గుర్తున్నాయి. సాక్చిలో కూరగాయల దగ్గర నాకు రెండు మూరల దూరంలో నుంచి, పలకరించకుండా వెళ్లిపోయింది. హాల్లో తీసిన ఫోటో పట్టుకెళ్లి చేతికిస్తే, చూడకుండానే “బాగుంది” అని బల్ల మీద పెట్టేసింది. నా మనవడి పుట్టినరోజున నేను చెయ్యి చాపుతుంటే పట్టించుకోకుండా టీ కప్పు గాలిలోకి అందించింది. నా కొత్త చీర మీద పడింది. కావాలనే చేసిందని నలుగురితో అన్నాను. మా ఇంటి గృహప్రవేశానికి వచ్చి, నన్ను దాటుకుని మా తోటికోడలి చేతులు పట్టుకుని “ఇల్లు బాగా కట్టుకున్నావు పిల్లా” అంది. అందరి ముందూ. నా ఇల్లు అది.

పోయిన ఏడాది ఛౌకి నెల రోజుల ముందు వాళ్లింటికి వెళ్లాను. గుమ్మం బయట చెప్పులు విడుస్తుండగానే, వంటింట్లో నుంచి వదిన గొంతు వినిపించింది.

“వచ్చిందమ్మా కాసిడీహ్ కలెక్టరు!”

ఎప్పుడూ అంతే. నేను లోపలికి అడుగు పెట్టకముందే ఆ వెక్కిరింత. కిటికీలో నుంచి చూస్తుందనుకునేదాన్ని. ఆమె మనవరాలు కాలేజీ పిల్ల, ముందుగదిలో ఫోను చూసుకుంటోంది. దాని పక్కన కూర్చుని నా బాధ చెప్పుకున్నాను. మీ నానమ్మకు నేనంటే గిట్టదు, సాక్చిలో నన్ను చూసి కూడా చూడనట్టు పోయింది, అన్నాను. పిల్ల ఫోను దించి నా వంక విచిత్రంగా చూసింది.

“దాదీ కో దిఖ్తా నహీ హై. ఆప్ కో పతా నహీ థా?”

నానమ్మకు కనబడదు, మీకు తెలియదా అంటోంది. కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బట. పక్క చూపు ముందు పోతుందట, మెల్లగా అంతా మూసుకుపోతుందట. ఎప్పటి నుంచి అని అడిగాను. పదేళ్లయిందంది.

కూర్చున్న చోటనే ఒక్కొక్కటీ లెక్క వేసుకున్నాను. సాక్చి. ఫోటో. టీ. గృహప్రవేశం. ఇన్నాళ్లూ జాగ్రత్తగా దాచుకున్న అవమానాలన్నీ ఒక్కొక్కటిగా చేతిలో నుంచి జారిపోయాయి. చివరికి ఒకటే మిగిలింది, నేను ఆమెను అన్నది. వంటింట్లోకి వెళ్లి అడిగాను.

“ఎందుకు చెప్పలేదు నాకు?”

వదిన చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది, వేళ్లతో తడుముతూ. “చెప్పేలోగా నువ్వే అందరికీ చెప్పేశావు కదా” అంది.

నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. క్షమించమని అడగడం నాకు రాదు. “ఈసారి ఛౌకి నాతో వస్తున్నావు” అన్నాను.

“ఏటి చూత్తాను?”

“అప్పుడేమి చూశావు? రా.”

వచ్చింది. తొమ్మిదేళ్ల తరువాత మళ్లీ పక్కపక్కన. నేను వేదిక మీద జరిగేది చెప్పబోతే మోచేతితో పొడిచి, “నోరుముయ్యి. విననీ” అంది. పడవవాడు వచ్చినప్పుడు ముందుకు వంగి కూర్చుంది. “కొత్తోడు. కుడికాలు బరువు” అంది. నిజమే, కొత్త కుర్రాడు. సన్నగా ఉన్నాడు కాని, కుడిపాదం దబ్బున వేస్తున్నాడు. నాకు ఆమె చెప్పేదాకా పట్టుబడలేదు. ఆ తరువాత ప్రకటించి మరీ షిఫ్టాయన నెమలి ఆడాడు. ఇప్పుడు ఆయనకూ యాభై దగ్గరపడ్డాయి. పింఛం వణికింది, ఆగింది. ఆగిన తరువాత, నేను మొదటిసారి విన్నాను, ఒక్క గజ్జె, సన్నగా.

వదిన నా చెయ్యి పట్టుకుంది. “అదిగో! అదే. ఆ రోజు కూడా అదే. ఎల్లి అడగవే పిల్లా. ఆ రోజు ఎవరో అడుగు. కళ్లెలాగూ పోయాయి. చెవులు నమ్మొచ్చో లేదో తెలుసుకుంటాను. ఇంట్లో ఎవరొచ్చారు, ఎవరెళ్లారు, పొయ్యి మీద పాలు పొంగాయా, అన్నీ వీటితోనే కదా.”

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి వేదిక వెనక గదికి వెళ్లాను. షిఫ్టాయన ముఖోటా విప్పి బల్ల మీద పెట్టి గజ్జెలు విప్పుకుంటున్నాడు. నుదుటి మీద కట్టు అచ్చు పడి ఉంది. నేను ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదాన్నని చెప్పాను. బాగుంది కాని, తొమ్మిదేళ్ల కిందట మీ గురువుగారు ఆడిన నెమలికి ఇది సాటిరాదని కూడా చెప్పాను. ఎంతైనా చెప్పవలసింది చెబుతాను నేను. ఆయన నా వంక చూసి నవ్వాడు.

“ఆ రోజు లోపల ఉన్నది నేనే, మాజీ” అన్నాడు హిందీలో. గురువుగారికి ఆ రోజు ఒళ్లు కాలిపోయే జ్వరమట. జనం నా పేరు విని వచ్చారు, నా పేరు మీదే ఆడు అన్నారట. గురువు ఎలా ఆడతారో అలాగే ఆడాడట, ప్రతి అడుగూ. “ఒక్కరు కూడా కనిపెట్టలేదు. ఆ రోజు సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు.”

ఒకరు కనిపెట్టారు, బయట కుర్చీలో కూర్చుని ఉంది, రండి చూపిస్తాను. ఈ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. పెదవి దాటి రాలేదు. నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

ఆ గదికీ వదిన కుర్చీకీ మధ్య పది పదిహేను అడుగులు ఉంటాయి. ఆ అడుగుల్లో నేనేమి ఆలోచించానో చెప్పలేను. ఆమె నా చెప్పుల చప్పుడు విని తల ఎత్తింది. నవ్వుతోంది. జవాబు ముందే తెలిసిన దానిలా, గెలిచేసిన దానిలా. అంట్లు తోముతన్నాడే అన్న రోజు నవ్వు అది.

“ఏటన్నాడు? ఆ రోజు ఎవరు?”

“పెద్దాయనే” అన్నాను.

నవ్వు అలాగే కొంచెంసేపు ఉంది ముఖం మీద. తరువాత పోయింది.

“సరిగ్గా అడిగావా?”

“అడిగాను.”

“అయితే చెవులు కూడా పోయాయన్నమాట” అంది. లేచి, నా చెయ్యి కోసం గాలిలో వెతికింది.

ఆటోలో వాదించడానికి మాకు ఏమీ లేదు.

తరువాతి వారం వాళ్లింటికి వెళ్లాను, నిజం చెప్పేద్దామనే. గుమ్మంలో చెప్పులు విడిచాను. కలెక్టరు అన్న పిలుపు రాలేదు. లోపల నుంచి వదిన అడిగింది.

“ఎవరు?”

“నేనే.”

“ఎవరూ?”

వెక్కిరిస్తోందేమో అనుకున్నాను ముందు. నాకు అలా అనుకోవడం అలవాటు. కాని, ఆ తరువాత ఎప్పుడు వెళ్లినా అదే. చెప్పులు రెండుసార్లు చప్పుడు చేసి చూశాను. కొడుకు వచ్చినా ‘ఎవరు’ అనేదట. కోడలు వంటింట్లో తిరుగుతున్నా, “అక్కడ ఎవరున్నారు?” అనేదట. పాలు పొంగే ముందే లేచే మనిషి, పొయ్యి దగ్గరికి వెళ్లడమే మానేసింది. కోడలు నాతో, “ఇన్నాళ్లూ బాగానే ఉండేది పిన్నీ, చైత్రం నుంచే ఇలా అయిపోయింది” అంది. నేను తల ఊపాను.

మూడుసార్లు వెళ్లాను చెబుదామని. ఒకసారి బంధువులు ఉన్నారు. ఒకసారి ఆమె నిద్రపోతోంది. మూడోసారి ఇద్దరమే ఉన్నాం, ఏ అడ్డూ లేదు. మొదలుపెట్టేలోగా ఆమే అంది, “నువ్వే గెలిచావులే పిల్లా. మాస్టారమ్మవి.” నేను ఊరుకున్నాను. గెలిచిన దానిలాగా.

చలికాలంలో వదినకు దగ్గు పట్టి ఊపిరితిత్తులకు ఎక్కింది. ఆసుపత్రిలో మంచం చుట్టూ కొడుకు, కోడలు, మనవరాలు, వాళ్ల వీధి వాళ్లు నిలబడి ఉన్నారు. ఆ రోజు హాల్లో నా మాటకు నవ్విన వాళ్లలో ఇద్దరు కూడా ఉన్నారు. “ఎవరు వచ్చారు?” అని వదిన మాటిమాటికీ అడుగుతోంది. చెబితే అప్పుడే చెప్పాలి. అందరి ముందూ ఆమెను నవ్వులపాలు చేసినదాన్ని, అందరి ముందూ ఒప్పుకోవలసింది. ఒప్పుకోలేదు. “నేను వదినా, కలెక్టరుని” అన్నాను. తల ఊపింది. నమ్మిందో లేదో తెలియదు.

ఈ ఏడాది చైత్రానికి ఒక్కదాన్నే వెళ్లాను. పక్క కుర్చీలో ఎవరో కొత్త ఆవిడ, ఫోనులో వీడియో తీస్తోంది. షిఫ్టాయన నెమలి వచ్చింది. నేను వేదిక వంక చూడలేదు, నా ఒడి వంక చూస్తూ కూర్చున్నాను. పింఛం వణికింది. ఆగింది. హాలంతా నిశ్శబ్దం. ఆ ఒక్క గజ్జె మోగింది.

“ఆ రోజు షిఫ్టాయనే వదినా” అన్నాను. పైకే అన్నాను.

పక్కావిడ ఫోను దించి నా వైపు వంగింది. “క్యా హువా, ఆంటీ?”

“కుఛ్ నహీ” అన్నాను. అప్పటికి చప్పట్లు మొదలయ్యాయి.